ముఖం చూపని డ్రైవరు

"కట్! ఆ వేలు దించవయ్యా!"

నారాయణ అరుపుకు ఎర్రగుంట్ల రోడ్డు మీద జీపు ఆగింది. దుమ్ము మాత్రం ఆగలేదు.

స్టీరింగు ముందున్న మనిషికి తలనిండా హెల్మెట్. దానికి నల్ల అద్దం.

ఇంగ్లండు టీవీలో జనం ఏళ్ల తరబడి విరగబడి చూసిన కార్ల కార్యక్రమం ఒకటుంది. దాన్ని తెలుగులో తీసే పని నారాయణకు దొరికింది. అందులో ఒక డ్రైవరుంటాడు. ఏ బండైనా నడుపుతాడు. ముఖం మాత్రం చూపడు.

తెలుగువాళ్లకు ఆ డ్రైవరు ఎలా ఉండాలి? హైదరాబాదులో నెల రోజులు ఆలోచించాడు నారాయణ. చివరికి పాత పేపర్లో ఒక ఫోటో దొరికింది.

పదేళ్ల కిందటిది. ఈ సీమ నాయకుడొకడు పులివెందుల కోర్టుకు వాయిదాకు వస్తున్నాడు. దారిలో బాంబులతో కాచుకున్నారని అందరికీ తెలుసు. అయినా టాపు లేని జీపు తానే నడుపుకుంటూ, ఒంటరిగా వస్తున్నాడు. తెల్ల చొక్కా. నల్ల కళ్లద్దాలు. ముఖం సగం కప్పిన తువ్వాలు. స్టీరింగు మీద ఎడమచేతి చూపుడు వేలు నిటారుగా లేచి ఉంది.

ఆ ఫోటో గోడగోడకూ ఎక్కింది. తర్వాత వచ్చిన ఎన్నికలో ఆయన గెలిచాడు.

నారాయణను పట్టుకున్నది ఆ వేలు. చావును "ఆగు" అన్నట్టున్న వేలు. తాను పిరికివాడినని లోలోపల నమ్మేవాడు నారాయణ. ఆ ఫోటోను పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఇప్పుడు దాన్ని జీపులోని మనిషి ముందు ఆడించాడు.

"ఇది నీకు చూపించింది ఆ ధైర్యం పట్టుకుంటావని. నకలు కొట్టమని కాదు. వేలు లేపితే ఆయనైపోతావా?"

"కాను లే సార్," అన్నాడు అమీర్ బాషా, హెల్మెట్ లోపలి నుంచి.

అరవై ఏళ్లవాడు. ప్రొద్దుటూరులో జీపు అద్దెకు తీసుకుంటే దాంతోపాటు వచ్చాడు.

"ఈసారి ఎలక్షన్లో తాతకు టికెట్టు ఇప్పిద్దాం సార్," అన్నాడు కెమెరామన్. అందరూ నవ్వారు.

అమీర్ బాషా ఎడమచేతిని గేరు రాడ్డు మీదికి దించుకున్నాడు. కుడిచేత్తోనే స్టీరింగు పట్టాడు. సిమెంటు లారీల మధ్య నుంచి జీపును ఒక్క ఊపులో తెచ్చి కెమెరా ముందు నిలిపాడు.

నారాయణ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతాడనుకున్నాడు.

సాయంత్రం చివరి షాట్ అయ్యీ అవగానే అమీర్ బాషా దగ్గరికొచ్చాడు. హెల్మెట్ ఇంకా తలకే ఉంది.

"సార్, ఒక మాట. ఈ టోపీ తీసి ఒకసారి కెమెరా తట్టు చూస్తా. అర నిమిషం."

"ముఖం చూపకపోవడమే ఈ డ్రైవరు గొప్ప. తెలీదా?"

"టీవీలో ఏయొద్దు లే సార్. మా ఇంట్లో నా ఫోటో ఒక్కటీ లేదు. మా ఇంటామె శానా దినాల నుంచి అడుగుతాంది. ఆ ముక్క ఇస్తే సాలు."

"ప్రొద్దుటూర్లో స్టూడియోలే లేవా?"

"ఉండాయి సార్. ఫోటోకు కూచునే అలవాటు తప్పింది. ఈ పొద్దు ఎట్లాగూ కెమెరా ముందరే ఉండా గదా."

అడిగినవాడు జవాబు కోసం ఆగలేదు. హెల్మెట్ తీశాడు.

కెమెరా ఇంకా తిరుగుతోంది. చెమటకు నుదుటి మీద నెరిసిన జుట్టు అంటుకుపోయింది. ఎవరైనా తన పేరు పెట్టి పిలుస్తారేమో అన్నట్టు కెమెరాలోకి చూశాడు.

"ఆపండి!" అన్నాడు నారాయణ. "టేపు దండగ. రేపటి షాట్ దాని మీదే తియ్యండి."

మర్నాడు అలాగే తీశారు.

కార్యక్రమం నారాయణ అనుకున్నదానికన్నా బాగా ఆడింది. ఆ డ్రైవరెవరంటూ ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చాయి. ఇంకో పన్నెండు భాగాలు తీయమన్నారు. నాలుగు నెలల తర్వాత నారాయణ ప్రొద్దుటూరు వచ్చి, సందులో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

తలుపు తీసింది అమీర్ బాషా భార్య మెహబూబున్నీసా.

"మీరేనా టీవీ సార్? కూచోండి. ఆయన లేడు. మొన్ననే నలభై దినాలు అయిపాయ."

"ఎలా జరిగిందమ్మా?" అన్నాడు నారాయణ.

"గుండెకాయ సార్. నిద్దర్లోనే," అంది. ఆమెకు అంతకన్నా తొందరైన మాట ఉంది. "టోపీ తీసి కెమెరాకు మొగం చూపిచ్చినా, సార్ దగ్గర ఉండాదిలే అన్న్యాడు. తెచ్చినారా?"

నారాయణ తల దించుకున్నాడు.

"అది... చెరిగిపోయిందమ్మా."

ఆమె ఏడవలేదు. "లైసెన్సులో ఒకటి ఉన్న్యా అది వాననీళ్లకు మరకైపాయ. కండ్లు మూసుకుంటే కనపడతాండాడు సార్. తెరిస్తే మొగం పోతాది. మరిచిపోతానేమో అని బయ్యం."

"పెళ్లి ఫోటో అయినా లేదా?"

"అన్నీ కాల్పిచ్చినారు. నీ మొగం యాదో బయట తెలియగూడదు అని ఆయనకు చెప్పి."

"ఎవరు?"

జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టెలోంచి పేపరు ముక్క తెచ్చింది. "ఇదొకటి మిగిలింది. దీంట్లోనూ మొగం కనపడదు."

నారాయణ చూశాడు. తన పర్సులోని ఫోటోనే.

"ఇది మీ నాయకుడిది కదమ్మా?"

"చొక్కా నాయకునిది సార్. ఆ పొద్దు నాయకుడు ఎనక మేకల లారీలో పండుకోని వచ్చినాడు."

నారాయణ చెయ్యి తెలియకుండానే పర్సు మీదికి పోయింది.

స్టీరింగు మీద లేచి ఉన్న వేలిని ఆమె బొటనవేలితో నెమ్మదిగా నిమిరింది.

"వయసులో ఉన్నప్పుడు జాకీ జారి పడింది సార్, మా ఇంటాయనకు ఈ ఏలు ఎప్పుడూ వంగేది కాదు."