మబ్బుల మీద ఊర్లు

"ముందు సీటు నాకెందుకియ్యరు?"

ఢిల్లీ ఎయిర్‌పోర్టుల, కౌంటర్ కాడ్నే గొడవకు దిగిండు షాలేమ్‌రాజు.

"అది గోల్డ్ కార్డు ఉన్నోళ్ళకే సార్. ఇయ్యాల్టిది కలుపుకున్నా మీకింకా ఒక్క ప్రయాణం తక్కువైతది," అని ఆ అమ్మాయి ఇంగ్లీషుల మెత్తగా చెప్పింది.

ఒక్కటంటే ఒక్కటి! ఆ రోజు డిసెంబర్ ముప్పై ఒకటాయె. తెల్లారితే లెక్క మళ్ళా సున్నా నుంచి మొదలు.

షాలేమ్‌రాజు విత్తనాల కంపెనీల మేనేజరు. ఏడాదంతా ఢిల్లీకీ హైదరాబాద్‌కూ నడుమ మగ్గంల నాడె లెక్క తిరిగిండు. ఆ కార్డు పిచ్చి ఊరికే పట్టలే. పోయినేడు వాళ్ళ బాసు లాంజ్ లోపలికి పోయేటప్పుడు, "నీకు కార్డు లేదు గదా, జెర నా బ్యాగు చూస్తుండు" అన్నడు. అందరి ముందట ఆ బ్యాగుకు కాపలా కూసున్న సంగతి ఇంట్ల గూడా చెప్పుకోలే. ఇగ పట్టుపట్టిండు. కార్డు కోసం బిడ్డ స్తుతి ఆడిన క్రిస్మస్ నాటిక చూసుడు గూడా ఇడిచిపెట్టి తిరిగిండు. తీరా చేతికొచ్చిన ముద్ద నోటికందకపాయె!

విమానమెక్కినంక కడుపు ఇంకింత మండింది.

మొదటి వరసల, కిటికీ కాడ, ఒక ముసలాయన. తలకు ఎర్రరుమాలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. షాలేమ్‌రాజు సీటు సరిగ్గా ఆయన ఎనక.

"ఈయనకున్నదేమో గోల్డ్ కార్డు!" అని పండ్లు కొరుక్కున్నడు.

విమానం లేచింది. ముసలాయన సీట్ల సందులకెళ్ళి తొంగిచూసిండు.

"సారూ, తెలుగోళ్ళేనా? నా పేరు బిచ్యా. చండ్రుగొండ కాడ తండా మాది. మీదే ఊరు?"

కల్లూరు అనే మాట నాలిక దాకా వచ్చింది. పక్క సీటు సూటాయన చూస్తుంటే నోరు రాలే.

"హైదరాబాద్."

"మనం ఇప్పుడు ఏ ఊరి మీద పోతున్నం సారూ?"

"ఏమో."

జెరసేపటికి ముసలాయన మళ్ళా తిరిగిండు.

"ఇది ఏ ఊరుంటది సారూ?"

షాలేమ్‌రాజుకు తెల్వక కాదు. ఆ తొవ్వల తిరిగి తిరిగి, భోపాల్ ఎప్పుడు దాటేదీ, నాగపూర్ ఎప్పుడొచ్చేదీ కండ్లు మూసుకోని చెప్పగలడు. కోపానికి నోరే గానీ చెవులుండవు కదా.

"గోదారి వస్తెనన్నా చెప్పు సారూ. నీకు దండం పెడ్త."

తొలిసారి ఎక్కినట్టున్నడు, సంబురం ఆగుతలేదనుకున్నడు షాలేమ్‌రాజు.

"మబ్బుల మీద ఊర్లుండవు తాతా! సప్పుడు చెయ్యక కూసో."

ఎనకెవరో కిసుక్కున నవ్విండ్రు. ఆ నవ్వుకు షాలేమ్‌రాజు మనసు కొంచెం చల్లబడ్డది.

"గట్లనా సారూ," అన్నడు బిచ్యా.

మళ్ళా అడగలే. కిటికీకి నుదురు ఆనించి కూసున్నడు. కొంతసేపటికి కింద గోదారి వచ్చింది. షాలేమ్‌రాజు చూసిండు గానీ చెప్పలే.

హైదరాబాద్‌ల దిగేసరికి డ్రైవర్ బాబూరావు కారు తెచ్చి పెట్టిండు. ఆ రాత్రి కొత్త సంవత్సరం ఆరాధనకు కల్లూరు చేరాలె.

పొద్దు వాలింది.

"వైరా వచ్చింది సార్," అన్నడు బాబూరావు.

ఆ మాటకు షాలేమ్‌రాజుకు నాయనమ్మ విశ్రాంతమ్మ యాదికొచ్చింది. ఖమ్మం దవాఖానా నుంచి తాత శవాన్ని వ్యాన్ల తెస్తుంటే, ఆమె తొవ్వ పొడుగూతా ఊర్ల పేర్లు చెప్పుకుంట వచ్చింది. "వైరా వచ్చింది, నా ఎంబడే రా" అని. చెప్పకపోతే పోయినోడు దారి తప్పి, ఇల్లు చేరడట. పాస్టరుగారు కోప్పడ్డా ఆమె ఆపలే.

తల్లాడ సెంటర్ల చాయ్‌కి ఆగిండ్రు. పక్కన్నే ఒక అంబులెన్స్ వచ్చి ఆగింది. ఎనక తలుపు తెరుసుకోని ఎర్రరుమాలు ముసలాయన దిగిండు. సీసల నీళ్ళు పట్టుకోని మళ్ళా ఎక్కిండు.

"ఈయన పొద్దుగాల నాతోనే ఇమానంల వచ్చిండు. ఏమైంది?" అని షాలేమ్‌రాజు అంబులెన్స్ డ్రైవర్‌ను అడిగిండు.

"కొడుకు పోయిండు సార్. లాలు అని. ఢిల్లీ దిక్కు కరెంటు టవర్ల పనికి పోయి, మీదికెళ్ళి పడ్డడట. శవాన్ని పెట్టెల పెట్టి, మీ ఇమానంలనే కింద సామాన్ల కాడ తెచ్చిండ్రు. పెట్టె ముందటి దిక్కుంటదని తెలిసి, దానికి సరిగ్గా పైన సీట్లనే కూసుంటనని ముసలాయన కాళ్ళావేళ్ళా పడితే, పాపం, ఇమానమోళ్ళే ముందు సీటిచ్చిండ్రట."

షాలేమ్‌రాజు చాయ్ గ్లాసు పక్కన పెట్టిండు. అంబులెన్స్ దిక్కు రెండడుగులేసి, తలుపు కాడ్నే నిలవడ్డడు.

లోపల బిచ్యా పెట్టె మీద చెయ్యేసి లంబాడీ మాటల మాట్లాడుతున్నడు. తండా పిల్లలతోని ఒక్క బడిల చదువుకున్న షాలేమ్‌రాజుకు ఆ మాట తెలుసు.

"వైరా దాటినం బిడ్డా. ఇది తల్లాడ. ఇగ ఏన్కూరు వస్తది, జూలూరుపాడు వస్తది, ఆ తర్వాత మన చండ్రుగొండ. నా ఎంబడే రా. ఢిల్లీ కాడికెళ్ళి హైదరాబాద్ దాకా నీకు ఒక్క ఊరు పేరు చెప్పలే, కోపం చెయ్యకు లాలూ... ఒక పెద్దసారును అడిగిన బిడ్డా, మబ్బుల మీద ఊర్లుండవన్నడు."