అరగంట తేడా

“మిషన్ తప్పు సెప్పదమ్మా,” అన్నాడు సత్యం, మూడోసారి.

వెంకటరమణమ్మ కూతురి జాతకాన్ని మళ్ళీ అతని ముందుకు తోసింది. మద్దిలపాలెంలో అతను ఆ కంప్యూటర్ జాతకాల కొట్టు తెరిచి ఏడాది దాటింది. అది 1987.

“మా సిద్ధాంతిగారు దోషం లేదన్నారు బాబూ. నీ మిషనేమో కుజుడు ఎనిమిదో ఇంట ఉన్నాడంటోంది. ఇంకొక్కసారి చూడు.”

“ఎన్నిసార్లు సూసినా అదే వత్తాది. లండన్ నించి తెప్పించిన మిషనిది.”

పెళ్ళికొడుకు తండ్రి భీమశంకరరావు వాచీ చూసుకున్నాడు. ఆయనకు పోర్టులో ఉద్యోగం. “నాలుగున్నరకి నాకు భీమిలి బస్సుందమ్మా. కుజదోషమంటే మా ఇంట్లో ఒప్పుకోరు. అక్కడి సంబంధానికి మాటిచ్చేస్తాను.”

“పది నిమిషాలు ఆగండి అన్నయ్యగారూ.” ఆమె వేళ్ళు బల్ల అంచుని వదల్లేదు.

“టైము దండగ. ఇందులో మళ్ళీ సూడ్డానికేటీ నేదు,” అంటూ సత్యం స్విచ్ మీద చెయ్యి వేశాడు.

“ఉండవయ్యా. నీ తెర మీద మూడూ నలభై అయిదేమిటి?” భీమశంకరరావు ముందుకు వంగాడు. “నా వాచీలో నాలుగుంపావు.”

“అది కాస్త స్లో బాబూ. దానికీ జాతకానికీ ఏటి సంబంధం?”

“సరిగ్గా అరగంట స్లోనా? లండన్ టైముకీ మనకీ ఎంత తేడా అని కొట్టావు?”

సత్యం తెర మీదికి వంగి చూశాడు. “అయిదు గంటలు.”

“అయిదున్నర. ఓడల లెక్కలు మేం రోజూ ఆ టైముతోనే సరిచూసుకుంటాం. పుట్టిన వేళని కూడా నీ మిషన్ ఈ తేడాతోనే లెక్కకడుతోందా?”

సత్యం తలూపాడు.

“అయితే దిద్దు. నీ పంతానికి ఒక ఆడపిల్ల పెళ్ళి ఆగిపోకూడదు.”

సత్యం అయిదు తీసేసి అయిదున్నర కొట్టాడు. తెర మీద గడియారం నాలుగూ పదహారుకి జరిగింది. జాతకం మళ్ళీ వేశాడు. ప్రింటరు చప్పుడు చేస్తూ కాగితాన్ని బయటికి తోసింది. కుజుడు తొమ్మిదో ఇంట ఉన్నాడు. దోషం లేదు.

భీమశంకరరావు కాగితం రెండుసార్లు చదివాడు. “ఇక బస్సు అక్కర్లేదు చెల్లెమ్మా. పదండి, మంచిరోజు చూద్దాం.” ఆయన మెట్లు దిగాడు.

వెంకటరమణమ్మ కాగితాలు సంచిలో సర్దుకుంటోంది. సత్యం ఆమె వైపు చూడలేదు. ఇంకో పుట్టినరోజు, వేళ, ఊరు కొడుతున్నాడు. ఎదుట ఏ కాగితమూ లేదు, అన్నీ జ్ఞాపకం నుంచే. ప్రింటరు మళ్ళీ మోగింది. వచ్చినది చదివి, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

“అందులోనూ దోషం పోయిందా బాబూ?”

“పోయినాదమ్మా.”

“మంచిమాటే కదా. ఎవరిది?”

“నాను సేసుకోనన్న పిల్లదమ్మా.”