ఎవరి తాత ముందు?

ఇంకొంచెం దగ్గరికి జరగండి. తమిళనాడులో గుడియాత్తం బజారులో ఆ రెండు అంగళ్లూ ఇప్పటికీ ఎదురెదురుగానే ఉన్నాయి, గట్టిగా చెప్పే కథ కాదిది.

“మా తాత పేరు కింద పెట్టినావంటే సోమవారం నుంచి ఈ కుర్చీలో నువ్వుండవు,” అంటూ లుంగీల అంగడి దామోదరం కాలేజీ లైబ్రరీ బల్ల మీద ఒక పుస్తకం టపీమని వేశాడు.

“వీళ్ల తాతను పైన పెట్టినావంటే ఈ పొద్దు నుంచే ఉండవు,” అంటూ పాత్రల అంగడి దొరై ఇంకో పుస్తకం తెచ్చి దాని మీద వేశాడు.

ఇద్దరూ ఆ కాలేజీ కమిటీలో ఉన్నవాళ్లే. మధ్యలో కూర్చున్న లైబ్రేరియన్ నివేదిత ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. గుడియాత్తం వర్తకం గురించి చదువుకునే పిల్లలకు ఏ పుస్తకం, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో చూపించే సబ్జెక్టు గైడు తయారు చెయ్యమని ప్రిన్సిపాల్ ఆమెకు చెప్పాడు. పన్నెండు గంటలకల్లా ఈ ఇద్దరి సంతకాలతో తేవాలి, తేలేకపోతే ఆ పనికి ఇంకొకరిని చూసుకుంటామన్నాడు. అప్పటికే పదకొండున్నర అయింది.

రెండు పుస్తకాలూ తాతల చరిత్రలేనంట. ఎవరింట్లో షష్టిపూర్తికి వాళ్లు, ఒకే ప్రెస్సులో అచ్చు వేయించి పంచిపెట్టినవి. అట్ట మీద తలపాగాతో తాత ఫోటో, అరవంలో ఆయన పేరు. లోపలంతా తెలుగు.

“ఈ ఊర్లో మొదట అంగడి తెరిచింది మా తాత. పుస్తకంలోనే ఉండాది,” అన్నాడు దామోదరం.

“మీ తాతా? మా తాత అంగడి ముందర గోనె పరుచుకోని కూర్చున్న ఆయప్పేనా? తెరిచేదానికి వాకిలి యాడుండాదప్పా?”

“విరించిపురం నుంచి కట్టుగుడ్డలతో పారిపోయి వచ్చినోళ్లు మీరు. ఎందుకు పారిపోయినారో చెప్పమంటావా ఈ పాప ముందర?”

“చెప్పు! పండ్లు రాలుతాయి!”

“అయ్యా, అరిస్తే గైడు తయారు కాదు,” అంది నివేదిత. “చాలా లైబ్రరీలు కలిసి ఆన్‌లైన్‌లో ఒక కేటలాగు పెట్టుకోనుండాయి. మిగతా ముప్పై పుస్తకాలూ గొడవ లేకుండా ఆడ నుంచే మన గైడులోకి తెచ్చుకున్నా. ఈ రెండే అందులో లేవు. లోపలి పుటలు ఫోటో తీసి ఎక్కించాల. అది ఒప్పుకుంటేనే మనకు వస్తాది.”

దామోదరం పుస్తకం ఎక్కించింది. కేటలాగు తీసుకుంది. దొరై పుస్తకం ఎక్కించింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ పుస్తకం ఇప్పటికే ఉంది.

“ఉండాదా? యాడ?”

“ఇప్పుడు ఎక్కించిందేనయ్యా. రెండింట్లోనూ లోపల ఒకటే ఉండాదంట.”

ఇద్దరూ ఒకేసారి లేచారు.

“దొంగనాయాలా! మా తాతనే ఎత్తుకోని పోయినావా!” అన్నాడు దామోదరం.

“ఎవురప్పా దొంగ? మాది చూసి మీ నాయన అచ్చేయించుకున్నాడు!”

“లోపల ఎవురి తాత పేరుండాదో చదువు, చూస్తాం!”

“నేనెందుకు చదవాల? నువ్వు చదువు!”

“నా కండ్లద్దాలు అంగట్లో పెట్టి వచ్చినా.”

“నావీ ఆడే ఉండాయి,” అన్నాడు దొరై, ముక్కు మీదున్నవి తీసి జేబులో వేసుకుంటూ. “ఏమ్మా, నువ్వే చదువు.”

“నాకు మాట్లాడేదే వస్తాది నాయనా, చదివేది రాదు. బడిలో అరవమే నేర్పించినారు,” అంది నివేదిత. “వేలూరులో మహతక్క ఉండాది. ఈ కేటలాగులో తెలుగు పుస్తకాలన్నీ ఆయక్కే చూస్తాది. ఫోను చేస్తా. ముందు మీరు సంతకాలు పెట్టండి. లోపల ఏముంటే గైడులో అదే ఉంటాదని, మళ్లీ ఎవురూ మార్చమనకూడదని.”

“పెడతా. వీడి మొహం నల్లబడాల,” అని దామోదరం కాగితం లాక్కుని సంతకం చేశాడు.

“నీ కింద నేను పెడతానా?” అని దొరై ఆ సంతకానికి పైన ఖాళీ లేకపోయినా తనది ఇరికించాడు.

నివేదిత ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసి, అప్పుడు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

“నువ్వు ఎక్కించినవి రెండూ ఇప్పుడే చూసినా నివేదితా,” అంది మహతి. “అట్టలే వేరు. లోపల ఒక్క పుట కూడా తేడా లేదు.”

“ఎవురి తాతమ్మా?” ఇద్దరూ ఫోను మీద పడ్డారు. “చదువు! గట్టిగా చదువు! వీడు వినాల!”

చదువుకుంటున్న పిల్లలు కూడా తలలెత్తారు.

“మొదటి పుట చదవనా?”

“చదువమ్మా తల్లీ!”

ఆ తల్లి చదివింది ఒక్క మాట పోకుండా గుర్తుపెట్టుకోండి, చదవడం రాని పుస్తకం కోసం కొట్టుకునేవాళ్లు ఎక్కడ కనపడినా కూర్చోబెట్టి ఇట్లాగే చెప్పండి: “కోళ్ల పెంపకం. ఒకటో పాఠం. కొక్కెర తెగులు సోకిన కోడి మెడ వంకర తిరుగును, పచ్చగా రెట్ట వేయును.”