కాకిగూటి బండ

"పడిపోయిన చెట్టు దగ్గర ఎడమకి తిరగాలి" అంది ఇల్కా.

జర్మనీ కొండల్లో రక్షక దళం నడిపే ఓట్మార్ ఆగిపోయాడు. వెనకాల స్ట్రెచర్ మోస్తున్న ముగ్గురూ ఆగారు.

"అమ్మాయ్, ఈ అడవిలో పడిపోని చెట్టుంటే చూపించు, ముందు దానికి దండం పెడతాను. ఏ చెట్టు?"

ఇల్కాకి తెలియలేదు. గంటన్నర క్రితం కాకిగూటి బండ ఎక్కుతూ ఆమె భర్త బెన్నో జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగి బయటికొచ్చింది. తన చొక్కా చింపి గాయానికి కట్టి, ఫోన్ పలికే చోటు కోసం ఆమె ఎటు పల్లముంటే అటు పరిగెత్తింది. రోడ్డు మీదికొచ్చి సాయం కోసం ఫోన్ చేసింది. వాళ్లు వచ్చారు. ఇప్పుడు తిరిగి వెళ్లడానికి దారి దొరకడంలేదు.

"బండలెక్కేవాళ్ల గైడు పుస్తకంలో దారి రాసుంటుందిగా?" అన్నాడు ఓట్మార్.

"అది బెన్నో సంచీలో ఉంది."

"భేష్! నలభై ఏళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్నా, కాకిగూటి బండ పేరు వినడమే గాని చూడలేదు. ఫ్రాంకోనియాలో వెయ్యి బండలున్నాయి. రోడ్డు పక్కన, కారు దిగితే చేతికి తగిలేవే వందున్నాయి. మీకు ఇదే దొరికిందా?"

పొద్దున బెన్నో కూడా అదే అన్నాడు. రోడ్డు పక్క బండ ఎక్కి, మధ్యాహ్నానికి ఊళ్లో సాసేజీలు తిని, బీరు తాగి ఇంటికి పోదామన్నాడు. 'అక్కడ జనం, గోల. ఎవరూ రాని చోటికి పోదాం' అని పట్టుబట్టింది ఇల్కానే. నిజంగానే ఎవరూ రాని చోటు! అక్కడ అతను ఒక్కడే పడున్నాడు.

ఎడమ లోయలోకి దిగారు. బండ కనిపించింది. ఇల్కా పరిగెత్తింది. అది వేరే బండ. వెనక్కొచ్చి కుడి లోయలోకి వెళ్లారు. అక్కడ నాచు, ముళ్లకంపలు తప్ప ఏమీ లేవు. వాన మొదలైంది.

"రక్తం బాగా పోతోందా?" అడిగాడు ఓట్మార్, ఈసారి మెల్లగా.

"నేను వచ్చేటప్పటికే కట్టు తడిసిపోయింది."

అతను అడుగుల వేగం పెంచాడు. అది చూసి ఇల్కా అతన్ని దాటి ముందుకు పరిగెత్తింది.

"బెన్నో!" అని అరిచింది. గొంతు చీరుకుపోయేలా మళ్లీ అరిచింది. "బెన్నో!"

"ఇక్కడే! అంత గట్టిగా అరవకు, చెవులు బాగానే ఉన్నాయి. విరిగింది కాలు!"

చెట్ల వెనక నుంచి వచ్చింది ఆ మాట. ఇల్కా పడుతూ లేస్తూ వెళ్లింది. బండ కింద పొడి చోట బెన్నో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. కాలికి రెండు కర్రలు పెట్టి ఎవరో చక్కగా కట్టారు. రక్తం ఆగిపోయింది. పక్కన నెరిసిన జుట్టున్న ఒకావిడ అతని నాడి పట్టుకుని కూర్చుంది. ఆమె భర్త ఫ్లాస్కులోంచి వేడి టీ పోస్తున్నాడు.

ఇల్కా మోకాళ్ల మీద కూలబడి బెన్నో ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడుస్తూనే నవ్వింది.

"డాక్టరుగారే దొరికారు చూశావా?" అన్నాడతను.

"పశువుల డాక్టర్ని. ఆవులు ఇంతకంటే తక్కువ అరుస్తాయి" అందావిడ.

ఓట్మార్ వంగి కట్టు పరీక్షించాడు. తల పైకెత్తి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"అమ్మా, ఇంకో అరగంట అలాగే రక్తం పోయుంటే మేమొచ్చినా లాభం లేకపోయేది. మీరు కాపాడారు. ఒక్కటి చెప్పండి, ఊరివాళ్లకే దొరకని ఈ చోటు మీకెలా దొరికింది?"

ఆవిడ భర్త టీ పోయడం ఆపి, అయోమయంగా అందరి ముఖాలూ చూశాడు.

"అదేంటండీ! దారి తప్పామని పొద్దున మీ ఆఫీసుకి ఫోన్ చేసింది మేమే కదా... అయితే మీరొచ్చింది మా కోసం కాదా?"