తుట్టెకు తగిలిన బట్టీ పొగ

నేను మగ తేనెటీగను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరినీ కుట్టలేదు. ఇంత సౌమ్యుణ్ణి మా తుట్టెలో ఇంకొకణ్ణి చూపించండి. మగ ఈగలకు కుట్టే ముల్లు ఉండదన్నది వేరే సంగతి.

మాకో ఆచారం ఉంది. పొగ వస్తే అడవి అంటుకుందని లెక్క. కడుపునిండా తేనె తాగి, ఎగిరిపోవడానికి సిద్ధంగా కూర్చోవాలి. ఈ ఏడు దోసతోట పక్కన ఇటుకల బట్టీ పెట్టారు. పొగ రోజూ వచ్చింది, మేమూ రోజూ తాగాం. మంట మాత్రం రాలేదు. నిష్ఠగల వాణ్ణి కదా, అందరికంటే ముందు మొదలుపెట్టి అందరి తర్వాత మూతి తుడుచుకునేవాణ్ణి.

తేనె కోసం తోటకు వెళ్లిన మా పెద్దక్క ఖాళీగా తిరిగొచ్చింది.

"పొగలో పూల వాసనే అందడం లేదురా. మనం వాలక పిందెలు నిలబడకుండా రాలిపోతున్నాయి. రైతేమో తెగులనుకుని, దగ్గుకుంటూనే పాదులకు మందు కొడుతున్నాడు."

"పాపం, ఆచారం తెలియనివాడు. పొగ రాగానే తేనె తాగాల్సింది" అన్నాను.

"నోరు ముయ్యి. ఇక తేనె మిగిలింది ఈ ఒక్క గదిలోనే. ఇది పిల్లలది. వచ్చేది బట్టీ పొగ, దీన్ని ముట్టుకోకు."

"నిజంగా మంటే అయితేనో?"

"ఆ పొట్టేసుకుని ఎగరగలవా అసలు?"

అక్క నీళ్లకు వెళ్లింది. పొగ వచ్చింది. గది మూత నేనే తీశాను.

పిల్లలు పస్తు పడుకున్నారు. అడవి మంటకూ బట్టీ పొగకూ తేడా ఇప్పుడు నాకు వాసనలోనే తెలిసిపోతుంది. తెలిశాక కూడా తాగకుండా ఉండడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.