గోడ అవతలి ఫ్యాను

"ఒక్క పిసరు కూడా తగ్గలేదే!"

కళ్ళజోడాయన ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశాడు. కరెంటు కారు బ్యాటరీ ఎనభై శాతం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

పొద్దున గాలివానకి వీధి చివర కరెంటు స్తంభం కూలింది. మధ్యాహ్నానికి వీధంతా ఉక్కపోతతో ఉడికిపోతోంది. వీళ్ళింట్లో మాత్రం ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కారులోని కరెంటు ఇంటికి వచ్చేలా ఎలక్ట్రీషియన్ కిందటి వారమే గోడకి ఒక పెట్టె బిగించి వెళ్ళాడు. కరెంటు పోగానే ఆయన వెళ్ళి దాని మీట నొక్కి వచ్చాడు. కాసేపటికి ఫ్యాను కదిలింది.

"తగ్గకపోతే మంచిదేగా," అంది భార్య, కూరలు తరుగుతూ.

"మంచిదేలే. ఎందుకు తగ్గట్లేదో తెలియొద్దూ? అదీగాక... ఇలా వచ్చి విను. గోడ అవతల కూడా ఫ్యాను చప్పుడు!"

గోడ అవతల ఉండేది అన్న. గేటుకి నీలం వెయ్యాలా, పచ్చ వెయ్యాలా అన్న దగ్గర మొదలైన పట్టింపు, ఇంటికి అడ్డగోడ కట్టేదాకా పోయింది. గదులు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, మాటలు మానేశారు. పాత గోడల్లోని కరెంటు తీగల్ని విడదీయాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

"అంటే నా కారు కరెంటుతో ఆయనగారు ఫ్యాను తిప్పుకుంటున్నాడన్నమాట! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు నన్ను చూసి అదే కారు కొన్నాడు, అదే పెట్టె పెట్టించాడు. కొంటే సరా, వాడుకోవడం తెలియాలిగా! ఉండు, ఇప్పుడే ఆపేసి వస్తా."

భార్య కత్తి కింద పెట్టింది.

"అక్కయ్య ఆపరేషనై మంచం మీద ఉంది. మాటలు ఎలాగూ లేవు, ఈ ఒక్కపూట గాలైనా పంచుకోనివ్వండి."

ఆయన కూలబడ్డాడు. పెళ్ళికి ముందు తనకి జ్వరం వస్తే, నుదుటిమీద తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చున్నది ఆ వదినే.

"సరే, వదిన మొహం చూసి వదిలేస్తున్నా," అన్నాడు. అనగానే మనసు తేలికైంది. ఇచ్చే చెయ్యి తనదైనందుకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

కానీ ఆ ఎనభై ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఏసీ వేసి చూశాడు. కదల్లేదు. ఇస్త్రీపెట్టె పెట్టాడు. ఊహూఁ. భార్య కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఫోనులోకి తొంగి చూసింది.

"ఇదేం చోద్యమండీ!"

ఇక ఆగలేక ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాడు.

"ఏం మహిమయ్యా నీ పెట్టెది! రెండిళ్ళు నడుస్తున్నాయి, బ్యాటరీ తరగట్లేదు. అక్షయపాత్రా ఏంటి?"

"పెట్టె మీద దీపం ఏ రంగులో ఉంది సార్?"

వెళ్ళి చూశాడు. "ఎర్రగా ఉంది."

"ఎర్రగా ఉంటే మీ కారు ఇంకా కరెంటు ఇవ్వడం మొదలెట్టలేదు సార్. మీట నొక్కి, కాసేపు అలాగే పట్టుకోవాలి."

"మరి నా ఏసీ ఎలా నడుస్తోందయ్యా?"

జవాబు వినేలోపు అడ్డగోడ మీద ఎవరో తట్టారు. ఒక దగ్గు వినిపించింది. ఏళ్ళుగా తనని పిలవని గొంతు, మొహమాటంగా పిలిచింది.

"తమ్ముడూ, ఆ ఏసీ కాస్త కట్టెయ్యరా, నా కారు బ్యాటరీ అడుగంటిపోతోంది."