అమ్మకు తెలియకూడదు

“అమ్మ ముందర నోరు జారాకు లహరీ,” అన్నాడు నాగేంద్ర, కారు అద్దం తుడుస్తూ.

పులివెందులలో ఇంకా ఎండ ఎక్కలేదు. లోపల నిర్మలమ్మ చీర మార్చుకుంటోంది. పోయిన నెల ఇంట్లో అందరికీ జ్వరాలొస్తే అందరూ రక్తపరీక్షలు చేయించుకున్నారు. ఫలితాలు తెలుసుకొచ్చిన అన్న ఆదినారాయణ నాగేంద్రను చీనీతోటలోకి తీసుకెళ్ళి, “అమ్మకు రక్తంలో ఏందో జబ్బంటప్పా. ప్రొద్దుటూరులో చూపీయాల. అమ్మకు మాత్రం తెలియనీయాకు,” అన్నాడు. ఆ రోజు నుంచి నాగేంద్రకు అన్నం సయించడం లేదు. దిగులుతో చొక్కాలు వదులైపోయాయి.

“అత్తమ్మేమన్నా చిన్నపిల్లనా?” అంది అతని భార్య లహరి. ఆమె ఇంటి నుంచే ఒక విదేశీ కంపెనీకి పనిచేస్తుంది. “మా ఆఫీసులో ఆ దేశపోళ్ళు జబ్బు సంగతి ముందు రోగికే చెప్తారంట. రోగి ఒప్పుకుంటేనే ఇంట్లోవాళ్ళకు.”

“వాళ్ళకు ఎవురికి వాళ్ళే. మనకు ఇల్లంతా ఒగ మనిషి. ఆ బరువు మనం మోస్తే సాలు.”

“అదే నీకొస్తే?”

“నాకూ చెప్పాకండి. నేను శానా పిరికోన్ని. ఆ దిగులుతోనే సగం పోతా.”

లహరి మొహం తిప్పుకుని కారెక్కింది.

జమ్మలమడుగులో తన ఇంటి దగ్గర ఆదినారాయణ ఎక్కి స్టీరింగ్ తీసుకున్నాడు. నాగేంద్ర మాత్రం ఒక్క నిమిషం ఊరుకోలేదు. మాట ఆగితే అమ్మ ఎక్కడ ఆలోచనలో పడుతుందోనని భయం.

“మా, వచ్చేటప్పుడు గండికోట చూసొద్దామా?”

“పోదాం నాయనా,” అంది నిర్మలమ్మ, వెనక నుంచి అతని తల నిమురుతూ. అద్దంలో ఆమె కళ్ళు తడిగా కనిపించాయి. అనుమానం వచ్చిందా ఏంది? అతను గబగబా ఇంకో మాట అందుకున్నాడు.

ప్రొద్దుటూరు ఆసుపత్రి కిటకిటలాడుతోంది. “నేను కారు పెట్టొచ్చి డాక్టరమ్మతో మాట్లాడతా. అంతవరకు మీరెవురూ లోపలికి పోవాకండి,” అన్నాడు ఆదినారాయణ. నాగేంద్ర కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. అన్న వచ్చేలోగా అమ్మను లోపలికి పిలిస్తే? ఇక ఆగలేక తలుపు తోసుకుని వెళ్ళాడు.

“మేడం, పులివెందుల నిర్మలమ్మ కొడుకును. నాగేంద్ర. మా అమ్మకు జబ్బు సంగతి చెప్పాకండి మేడం.”

డాక్టర్ అర్చన అతని వైపు తేరిపార చూసింది. “రోగికి చెప్పొద్దని నిన్న మీ అన్న కూడా ఫోన్ చేశాడు. కుదరదన్నాను. ఇది నయమయ్యే జబ్బే. కానీ రోగి కలిసి రాకపోతే మందొక్కటే ఏం చేస్తుంది?”

“తట్టుకోలేదు మేడం. ఇంటిల్లిపాదీ దాస్తాండాం.”

“అది నాకు తెలుస్తూనే ఉంది.”

అంతలో తలుపు తెరుచుకుంది. నిర్మలమ్మ! వెనక లహరి. “డాక్టరమ్మా, వద్దు! నీకు దండం పెడతా,” అంటూ ముసలామె చేతులు జోడించింది.

అమ్మకు తెలిసిపోయింది! నాగేంద్ర ఒక్క అంగలో ఆమె దగ్గరికి వెళ్ళాడు. “మా, నీకేం కాదు మా... మేమంతా లేమా?” అన్నాడు.

“ఎవరో ఒకరు చెప్పక తప్పదమ్మా,” అంది డాక్టర్ మెల్లగా. “మీరు చెప్తారా, నేను చెప్పనా?”

నిర్మలమ్మ లహరి వైపు చూసింది. లహరి తలూపింది. అమ్మ అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“జబ్బు నాకు కాదు నాయనా, నీకు.”